వినయం లేని కిటికీ

ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. చుక్కలాంటి అందగత్తె కనక ఆ పేరు వచ్చిందని ఆమె చెబుతుంది. మీరు నమ్మకండి. పేరు వచ్చింది పని వల్ల. మసీదు కిటికీలకు బిగించే రాతి జాలీల మీద నక్షత్రాలు గీయడం ఆమె పని. ఒక కంపాసు, ఒక చెక్క బద్ద, ఒక దారపు ఉండ చేతికిస్తే చాలు, ఎంత మొద్దు రాతి పలకనైనా ఆకాశం చేసి పెడుతుంది. బద్ద మీద అంకెలు కూడా ఉండవు. "అంకెలు భయస్తులకి" అంటుంది.

గొప్పలు చెప్పుకోవడంలో ఆమెను మించినవాళ్లు ఇంకా పుట్టలేదు, పుట్టినా ఆమె మాట్లాడనివ్వదు. చిన్నప్పుడు వాకిట్లో సుద్దతో ఒక చుక్క గీస్తే పొరుగింటి కోడి దాన్ని చూసి, ఇంకా తెల్లవారలేదనుకుని కూత మానేసిందట. ఆ రోజు వీధి వీధంతా పనులకు ఆలస్యంగా వెళ్లిందట. ఆమె గీసిన జాలీ మీద వాలిన ఈగ ఒకటి, ఈ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి పోదామని దాని వెంట నడక మొదలుపెట్టి, నడిచీ నడిచీ ముసలిదై, మనవల్ని కూడా అక్కడే చూసుకుందట. ఆ ఇంట్లో రాతి కోతలు తమ్ముడికి, మాటల కోతలు అక్కకి పంచి ఇచ్చారని వీధిలో అందరూ నవ్వుకుంటారు.

ఆ తమ్ముడి పేరు సుత్తి. సుత్తితో పని చేస్తాడు కనక అని అతని వాదన. అతని పక్కన కాసేపు కూర్చుంటే అసలు కారణం మనకే తెలుస్తుంది. అక్క గీసిన గీత వెంట ఉలి నడపడం అతని వంతు. అతని భార్య, అంటే చుక్కలక్క మరదలు, చెక్కిన రాయిని తడిపి సానరాయితో నున్నగా అరగదీస్తుంది. ఆమె తక్కువ మాట్లాడుతుంది. ఆ ఇంట్లో ఖాళీగా మిగిలిన మాటలే తక్కువ మరి.

వాళ్ల కార్ఖానా ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఒక గోడకు ఆనించిన పాలరాతి పలకలు, ఒక మూల నీళ్ల పీపా, మధ్యలో లావుపాటి చెక్క బల్లలు, అన్నిటి మీదా తెల్లటి రాతి పొడి. కొత్తగా వచ్చినవాళ్లు టీ గ్లాసు చూసి పాలు ఎక్కువ పోశారనుకుంటారు.

ఆ షెడ్డులో ఒక మాటకు మనకు తెలిసిన అర్థం చెల్లదు. అది వినయం.

ఎప్పుడో వాళ్ల ముత్తాతల కాలంలో ఒక మేస్త్రీ జాలీలో ఒక చుక్కకు ఒక కోణం తక్కువ చెక్కాడట. పని చేయించుకునే పెద్దమనిషి వేలు పెట్టి చూపించి, ఇదేంటయ్యా అన్నాడట. మేస్త్రీ తడుముకోలేదు. "అయ్యా, అది పొరపాటు కాదు, వినయం. ఏ లోపమూ లేని పని ఆ పైవాడొక్కడిదే. నేనెంతటివాణ్ని? అందుకే కావాలని వదిలాను" అన్నాడట. పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకుని మేస్త్రీని కౌగిలించుకున్నాడట. ఆ రోజు నుంచి ఆ కార్ఖానాలో తప్పు పేరు వినయం. ఉలి జారితే "అయ్యో, వినయం పడింది" అంటారు. పలక విరిగితే "ఇంత వినయమైతే కష్టం నాయనా" అంటారు. ఎవరినైనా "మహా వినయవంతుడు" అన్నారంటే వాడికి మళ్లీ పని ఇవ్వరు. సుత్తిని వారానికోసారైనా అంటారు. తమ్ముడు కనక పని పోలేదు.

ఆ వినయాన్ని వెతికి పట్టుకునేది పెదనాన్న. చుక్కలక్కకు కంపాసు పట్టుకోవడం నేర్పింది ఆయనే. చూపు మసకబారి చాలాకాలమైంది, వెలుతురూ నీడా తప్ప వివరం అందదు. అయినా జాలీ తయారయ్యాక దాన్ని ఆయన ముందు నిలబెట్టాల్సిందే. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలు ముందువైపు పెట్టి, చూపుడువేలు సందులోంచి వెనక్కి దూర్చి, ఒక్కొక్క ముడినీ చిటికెలో పట్టుకుని చూస్తాడు.

ఆ చిటికెలో ఉన్న విద్య చెప్పుకుందాం, లేకపోతే ఈ కథ నిలవదు. జాలీలో రాతి పట్టీలు అల్లిన బుట్టలా ఉంటాయి. ఒకటి ఇంకొకదాని మీదుగా పోతుంది, తర్వాతి దాని కిందుగా పోతుంది, మళ్లీ మీదుగా. రాతిలో నిజంగా అల్లిక ఉండదు, ఉలితో అలా భ్రమ పుట్టిస్తారు. కిటికీకి రెండు ముఖాలు కనక రెండు వైపులా చెక్కాలి. నిజం అల్లికే అయితే, ముందు నుంచి పైన కనిపించే పట్టీ వెనక నుంచి కింద కనిపించాలి కదా! కాబట్టి పట్టీలు ఒకదాన్నొకటి దాటే ఏ ముడి దగ్గరైనా బొటనవేలికి అడ్డపట్టీ తగిలితే చూపుడువేలికి నిలువుపట్టీ తగలాలి. రెండు వేళ్లకీ అడ్డంగానే తగిలిందా, అక్కడ వినయం ఉన్నట్టే. లక్షమంది చూసినా ఒక్కరికైనా అది తెలియదు. పెదనాన్న వేళ్లకు తెలుస్తుంది.

ఏ తప్పూ దొరక్కపోతే ఆయన రాయిని ఒకసారి తట్టి "వినయం లేదు" అంటాడు. రెండే మాటలు. ఆ రెండు మాటలు చుక్కలక్క తన పని మీద ఎన్నడూ వినలేదు. ఊరంతా ఆమెను పొగిడింది. ఎక్కడెక్కడినుంచో మనుషులు వచ్చి ఆమె చేత కిటికీలు గీయించుకుపోయారు. పెదనాన్న మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకునేవాడు. ఇక్కడ పట్టీ వెంట్రుకంత సన్నబడింది అనేవాడు. ఈ మూల కాస్త మొద్దుబారింది అనేవాడు. "ఇంకా కొంచెం వినయం ఉందే అమ్మాయ్" అని నవ్వేవాడు. అంతకంటే ఘోరం, ఆ రెండు మాటలు సుత్తికి ఒకసారి దక్కాయి. చుక్క అన్నది లేని నున్నటి నీళ్ల తొట్టికి.

"నున్నటి తొట్టిలో వినయం దాక్కోడానికి చోటేదిరా?" అని అక్క మండిపడేది.

"అదే కదక్కా నా గొప్ప. చోటే ఇవ్వలేదు" అనేవాడు సుత్తి.

ఈమధ్య పెదనాన్న వేళ్లు మొద్దుబారుతున్నాయి. టీ గ్లాసు కాలుతోందో లేదో పెదవికి తగిలితే గానీ ఆయనకు తెలియడం లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. గ్లాసు అందించే మరదలు చూసింది, చుక్కలక్కకు చెప్పింది. ఆ వేళ్లు పూర్తిగా నిద్రపోకముందే ఒక్కసారైనా ఆ రెండు మాటలు అనిపించుకోవాలి. ఊళ్లో ఎవరికీ చెప్పుకోని కోరిక ఆమెకు అదొక్కటే.

సరిగ్గా అప్పుడే గాలివానకు పెద్ద మసీదు పక్కనున్న చెట్టు కొమ్మ విరిగి ఒక కిటికీ మీద పడింది. ఆ వరస కిటికీలన్నీ పెదనాన్న వయసులో ఉండగా చెక్కినవి. ఇప్పుడు ఒకటి పోయి, నవ్వుతున్న నోట్లో ముందుపన్ను ఊడినట్టయింది. కొత్త జాలీ పని చుక్కలక్కకు ఇచ్చారు.

కొలత తీసుకోవడానికి అక్కా తమ్ముడూ వెళ్లారు. చుక్కలక్క ఆ ఆవరణలో అడుగుపెడితే కొలత ఒక్కటే తీసుకుని రాదు. మసీదు చూడడానికి వచ్చిన ఆడవాళ్లు కొందరు నీళ్ల తొట్టి పక్కన నిలబడి ఉన్నారు. ఇంకేముంది, ఆ మసీదును తన చేతులతో ఎత్తి కట్టినట్టే మొదలుపెట్టింది.

"ఆ తొట్టి ఊరికే కట్టారనుకున్నారా? వంగి చూడండి. గుమ్మటం లోపల కనపడుతోందా? ఒక్క గుమ్మటం డబ్బుతో రెండు గుమ్మటాలు. గాలి లేనప్పుడు ఏది అసలుదో ఏది నీడో తెలీదు. ఒకసారి ఒక పావురం నీళ్లలో ఉన్న గుమ్మటం మీద వాలబోయి స్నానం చేసి పోయింది."

ఆడవాళ్లు నవ్వారు. సుత్తి గోడవైపు తిరిగి నవ్వాడు.

లోపలికి తీసుకెళ్లింది. బయటి ఎండలోంచి కమాను కిందికి రాగానే ఒళ్లు చల్లబడింది. నలుచదరం గోడల మీద గుండ్రటి గుమ్మటం ఎలా కూర్చుందో తల ఎత్తి చూడమంది. మూలల్లో చిన్న చిన్న గూళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి, తేనెపట్టు తలకిందులుగా వేలాడుతున్నట్టు, మెల్లమెల్లగా చదరాన్ని గుండ్రం చేసేస్తున్నాయి. ఎక్కడ మూల అయిపోయిందో ఎక్కడ వంపు మొదలైందో కంటికి చిక్కదు.

"బరువు ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అంది. ఎవరూ చెప్పలేకపోయారు. "అదీ సంగతి! అంత రాయి నెత్తిమీద ఉంటే, మీకేమో పైకి తేలిపోతున్నట్టు ఉంది."

"బొమ్మ ఒక్కటీ లేదేంటమ్మా?" అని అడిగింది వాళ్లలో ఒకామె.

"బొమ్మెందుకు? మనిషి బొమ్మ చూస్తే ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఎక్కువగా పడనివాళ్లే గుర్తొస్తారు. ఇక్కడ చూడు, తీగ, అక్షరం, చుక్క. ఆ అక్షరాలు చూశావా, నిలువు గీతలు వరసగా నిలబడ్డ మనుషుల్లా లేవూ? చదవడం రాకపోయినా పర్వాలేదు, చూస్తుంటేనే గొంతు వినపడుతుంది. ఇక చుక్క సంగతంటావా, అది గోడ అంచు దాకా వచ్చి ఆగిపోదు. గోడే ఆగిపోతుంది. చుక్క గోడ దాటి అలా పోతూనే ఉంటుంది. మనకి కనపడదంతే."

అది మాత్రం కోత కాదు. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు మారింది. వెంటనే సర్దుకుని, గుమ్మటం కింద ఒక గోడ దగ్గర గుసగుసలాడితే ఎదుటి గోడ దగ్గర వినపడుతుందనీ, అలా ఒకాయన అత్తగారి మీద ఏదో గొణుక్కుంటే అత్తగారు అవతలి గోడ దగ్గరే ఉందనీ, ఆయన ఇప్పటికీ బయటి అరుగు మీదే పడుకుంటున్నాడనీ చెప్పింది.

కిటికీల వరస దగ్గరికొచ్చేసరికి ఆమె నోరు దానంతటదే మూతపడింది. పెదనాన్న జాలీలలోంచి ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పరుచుకుంది. బయట వడగాలి, ఆ సందుల్లోంచి దూరి వచ్చేసరికి చల్లగాలి. లోపలివాళ్లకు బయటంతా కనపడుతుంది, బయటివాళ్లకు లోపల ఎవరున్నదీ కనపడదు. ఒక్క రాతి పలక వెలుతురుని కోసి, గాలిని చల్లార్చి, మనిషి మర్యాద కాపాడుతోంది. ఖాళీ కిటికీకి చెక్క పలకలు కొట్టి ఉంచారు. దాని ముందు నేల చీకటిగా ఉంది. చుక్కలక్క ఆ చీకటి ముక్క మీద నిలబడి చాలాసేపు కదలలేదు.

"అక్కా, కొలత" అన్నాడు సుత్తి.

"తీసుకుంటున్నాను, నోర్ముయ్."

పని మొదలైంది. చుక్కలక్క ముందు కాగితం మీద ఒక వృత్తం గీసింది. కంపాసు కాళ్ల ఎడం మార్చకుండా వృత్తం మీదే కాలు మోపి ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకున్న చోట్లను బద్దతో కలిపింది. చూస్తుండగా గీతల గుంపులోంచి చుక్క లేచి వచ్చింది, గదిలోకి ఎవరో దీపం తెచ్చినట్టు. చుక్క కొసల నుంచి పట్టీలు బయల్దేరి పక్క చుక్కను చుట్టి, దాని పక్కదాన్ని పలకరించి, కాగితమంతా తిరిగి మళ్లీ మొదటి చుక్క దగ్గరికే వచ్చాయి. ఆ తర్వాత వృత్తాలన్నీ చెరిపేసింది. వృత్తం ఎవరికీ కనపడకూడదు, కానీ ప్రతి కోణంలోనూ ఉండాలి. ఇల్లాలి పనిలాగే అంటుంది మరదలు.

కాగితం మీది గీతల వెంట సూదితో సన్నటి చిల్లులు పొడిచి, రాతి మీద పరిచి, పైనుంచి బొగ్గుపొడి మూటతో అద్దితే రాయి మీద గీత దిగుతుంది. ముందు ముఖానికి అలా అద్దారు. ఏ ముడిలో ఏ పట్టీ పైకి రావాలో దాని మీద చుక్కలక్క ఎర్రసుద్దతో ఒక గుర్తు పెట్టింది. సుత్తి నెలల తరబడి చెక్కాడు. తర్వాత పలకను తిప్పి, కాగితాన్ని కూడా తిరగేసి, వెనక ముఖానికి అద్దారు. ఇక్కడ గీతలు వాటంతటవే సరిపోతాయి. ఎర్రగుర్తు మాత్రం మారాలి. ముందు పైనున్నది ఇప్పుడు కింద. ప్రతి ముడి దగ్గరా మనసులో ఒక పల్టీ కొట్టాలి.

చుక్కలక్క వెనక గుర్తులు పెడుతున్న రోజునే మరదలి పుట్టింటివాళ్లు షెడ్డు చూడడానికి వచ్చారు. వినేవాళ్లు దొరికితే ఆమెకు పండగే. చేయి గుర్తులు పెడుతూనే ఉంది, నోరు ఈగ కథ చెబుతూనే ఉంది. ఈగ ముసలిదైంది. ఈగకు కళ్లజోడు వచ్చింది. ఈగ మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సుత్తి ఆ గుర్తుల ప్రకారమే చెక్కాడు.

జాలీ పూర్తయిన రోజున పొద్దున్నే పెదనాన్నను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పలకను ఆయన ముందు నిలబెట్టి రెండు పక్కలా సుత్తీ, మరదలూ పట్టుకున్నారు. చుక్కలక్క వెనక నిలబడింది. ఆ రోజు పొద్దుట్నుంచీ ఆమె ఒక్క గొప్పా చెప్పలేదు. సుత్తి రెండుసార్లు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

పెదనాన్న చిటికె పట్టాడు. పై వరస చూశాడు. మధ్య వరస. ఒక్కో ముడి దగ్గర మునుపటికంటే ఎక్కువసేపు ఆగాడు. కింది వరస చివరి ముడి దాకా వెళ్లాడు. షెడ్డులో నీళ్ల పీపా కుళాయి చుక్క కూడా వినపడుతోంది.

ఆయన రాయిని తట్టాడు.

"వినయం లేదు."

సుత్తి కేకపెట్టాడు. పలకను వదిలేయబోతే మరదలు తిట్టింది. "వదినా! విన్నావా వదినా!" అని ఆమె కూడా కేకపెట్టింది. చుక్కలక్కకు ముందుకొచ్చి, ఆ రాయిని తాకి చూసుకోవాలనిపించింది. తన గొప్ప ఎలా ఉంటుందో వేళ్లతో తెలుసుకుందామని, పెదనాన్న పట్టినట్టే చిటికె పట్టింది. ఆయన వెళ్లిన దారిలోనే ఒక్కొక్క ముడీ చూసుకుంటూ, లోపల్లోపల నవ్వుకుంటూ వెళ్లింది.

కింది వరసలో ఒక మూల దగ్గర బొటనవేలికి అడ్డపట్టీ తగిలింది. చూపుడువేలికీ అడ్డపట్టీ తగిలింది.

చేయి తీసి మళ్లీ పెట్టింది. అడ్డం, అడ్డం. ఈగకు కళ్లజోడు వచ్చింది ఇక్కడేనని ఆమెకు వెంటనే గుర్తొచ్చింది.

సుత్తి అక్క మొహం చూశాడు. వంగి, తన వేళ్లూ పెట్టి చూశాడు. జీవితంలో మొదటిసారి వినయం అక్క గుర్తుది, అతని ఉలిది కాదు. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి. కానీ ఆమె చెవిలో మెల్లగా, "ఊరుకో అక్కా. ఆయన వేళ్లకే తెలీలేదు, ఇంకెవరికి తెలుస్తుంది? నీకు కావాల్సింది వచ్చేసింది. నేనైతే చచ్చినా నోరు విప్పను" అన్నాడు. సుత్తి నోరు విప్పననడం చిన్న త్యాగం కాదు.

చుక్కలక్క పెదనాన్న వైపు చూసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెబితే తన రెండు మాటలూ పోతాయి. అది ఒకెత్తు. చెబితే ఆయన వేళ్లు ఇక పనికిరావని కూడా చెప్పినట్టే. అది ఇంకొకెత్తు. కోడి గురించి, ఈగ గురించి, పావురం గురించి కళ్లార్పకుండా అబద్ధాలాడిన మనిషి. ఇక్కడ ఊరుకుంటే చాలు, అబద్ధం ఆడక్కర్లేదు కూడా.

కానీ ఆమె గర్వం మామూలు గర్వం కాదు. పుకారు మీద బతికే గర్వమైతే ఊరుకునేది. రాతి మీద నిలబడ్డ గర్వం.

ఆమె వెళ్లి పెదనాన్న చేయి పట్టుకుంది. "ఉంది పెదనాన్నా" అంది.

"ఏముందే?"

"వినయం. ఒక ముడి దగ్గర. నాదే. మాటల్లో పడి గుర్తు మార్చలేదు."

ఆమె ఆయన వేళ్లను ఆ ముడి దగ్గరికి తీసుకెళ్లి, పైన తన వేళ్లు పెట్టి గట్టిగా అదిమింది. ఆయన నుదురు ముడుచుకుంది. ఇంకా గట్టిగా అదిమింది. కాసేపటికి ఆయన మెల్లగా తల ఊపాడు. చేయి వెనక్కి తీసుకుని, ఆ రెండు వేళ్లనూ ఒకదానితో ఒకటి రుద్దుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"ఇందాక నాకు తగల్లేదు" అన్నాడు చివరికి.

"తెలుసు పెదనాన్నా."

"నీకు తగిలింది."

"తగిలింది."

"నేను లేదన్నాక కూడా చూశావన్నమాట! నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు. నా పని ఎంత బాగుందో చూసుకుందామని."

పెదనాన్నకు ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. రేకులు మోగేలా నవ్వాడు. "నీ గొప్పే నిన్ను పట్టించింది కదే!" అన్నాడు. నవ్వు తగ్గాక, "సరే, ఇక నా వేళ్లు పడుకుంటాయి. చూసే వేళ్లు ఇంట్లో ఉన్నాయి. ఇకమీదట చిటికె నువ్వు పట్టు" అన్నాడు. చుక్కలక్క తల వంచుకుంది. ఆమె తల వంచడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఉండలేదు. మరదలు ఈ సంగతి ఈరోజుకీ చెబుతుంది, వదిన మాత్రం మెడ పట్టేసిందని చెబుతుంది.

ఇక ముడి సంగతి. రాతిలో లేచిన పట్టీని దించొచ్చు, దిగిన పట్టీని లేపలేం. ఒక్క ముడి సరిచేయాలంటే వెనక ముఖమంతా బియ్యపు గింజ మందం కిందికి దించి, ప్రతి ముడినీ మళ్లీ చెక్కాలి.

"విరుగుతుంది" అన్నాడు సుత్తి. "అంత పల్చగా చేస్తే పగిలి ఊరుకుంటుంది. అప్పుడు వినయం కాదు, సర్వనాశనం."

"నా గీత మీద రాయి విరగదు. దానికి సిగ్గుంటుంది" అంది చుక్కలక్క. గొంతు మళ్లీ దారిలో పడినందుకు అందరికీ ప్రాణం లేచొచ్చింది.

రాయికి సిగ్గుందో లేదో గానీ మరదలికి తెలివుంది. చెక్క బల్ల మీద పెట్టి కొడితే దెబ్బకు పలక అదురుతుందనీ, తడి ఇసుకలో పడుకోబెట్టి, సందులన్నీ ఇసుకతో నింపి చెక్కితే అదరదనీ చెప్పింది. బిడ్డను పక్కబట్టల్లో సర్దినట్టు సర్దారు. సుత్తి చిన్న ఉలి తీసుకున్నాడు. అతను పని చేసినన్నాళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు, వీధిలోవాళ్లు వచ్చి ఏమైందని అడిగి వెళ్లారు. చుక్కలక్క ఎర్రసుద్దతో మళ్లీ గుర్తులు పెట్టింది. ఎవరైనా చూడడానికి వస్తే షెడ్డు తలుపు వేసేసింది. ఈగ కథ అడిగితే "ఈగ చచ్చిపోయింది" అంది.

పలకను ఇసుకలోంచి లేపిన రోజున సుత్తి దాన్ని వేలి కణుపుతో తట్టాడు. పగులుంటే రాయి బొంగురుగా మూలుగుతుంది. ఇది గంటలా మోగింది.

కిటికీలో బిగించిన మర్నాడు పొద్దున అందరూ వెళ్లారు. చెక్క పలకలు తీసేశారు. మిగతా కిటికీల ఎండ నేల మీద ఎప్పటిలాగే పరుచుకుని ఉంది. కొత్త కిటికీ కాస్త పల్చన కావడంతో ఏటవాలు ఎండ సందు గోడలకు తట్టుకోకుండా నేరుగా దూరింది. దాని చుక్కలు పక్కవాటి కంటే పెద్దగా, అంచులు తేటగా, ఇంతకుముందు చీకటిగా ఉన్న చోట వచ్చి కూర్చున్నాయి. ఇది తను ముందే అనుకుని చేసిందేనని చుక్కలక్క అప్పుడే ఇద్దరితో చెప్పేసింది.

పెదనాన్న ఆ ఎండలో నేల మీద కూర్చున్నాడు. మసక కళ్లకు అంత వెలుతురు అందింది. అరచేయి చాపాడు. ఒక చుక్క నిండుగా వచ్చి అరచేతిలో పడింది. దాని కొసల మీద రెండో చేతి వేలితో చుట్టూ తిరిగాడు, ఒక్కటీ వదలకుండా.

"చుక్కలు నేను చూశాను. బాగున్నాయి" అన్నాడు. "ముడులు నీడలో కనపడవు. అవి నువ్వే చెప్పాలి. చూశావా?"

"చూశాను."

"ముందూ వెనకా?"

"పైనుంచి కిందిదాకా. రెండుసార్లు. వినయం లేదు పెదనాన్నా."

అంటున్నప్పుడు ఆ మాటలు ఎవరివో అనిపించాయి. అవి విందామని ఇన్నేళ్లు ఎదురుచూసింది, తీరా చూస్తే తన నోటితోనే వచ్చాయి. పెదనాన్న అరచేయి మూశాడు, చుక్క పిడికిలి మీదికి ఎక్కి కూర్చుంది.

"రాతిలోనా, నీలోనా?" అన్నాడు.

"రెంటిలోనూ."

"నీలో ఎప్పుడూ లేదులే" అన్నాడు ఆయన. పక్కనున్న గోడను, కొత్త జాలీ బిగించిన గోడను, అరచేత్తో ఒకసారి తట్టాడు. "ఇవాళ రాతికీ లేదు."